అన్‌ఫిట్ కావాల్సిన మా బావ

ముందే చెప్పేస్తున్నాను, నేను పెంచి రాస్తాను. మా ఇంట్లో ఎలుక దూరిందని నేను బయల్దేరి చెప్పడం మొదలుపెడితే, వీధి చివరికి చేరేసరికి అది అడవిపంది అయి ఉంటుంది. చుట్టాల ఇళ్ళకు వెళ్ళినప్పుడు మా ఆవిడ నా పక్కనే కూర్చుని, నేను చెప్పే ఒక్కొక్క మాటకూ "సగం", "పావు" అని మెల్లగా తగ్గింపు ప్రకటిస్తూ ఉంటుంది. ఇక్కడ ఆవిడ లేదు కనుక ఆ తగ్గింపు మీరే వేసుకోవాలి. ఇందులో నేను గాలిలోంచి పుట్టించింది ఒకటే ఒకటి ఉంది. అదేదో చివర్లో నేనే ఒప్పుకుంటాను. మిగిలినదంతా జరిగిందే, కాకపోతే కాస్త నానబెట్టాను కనుక ఉబ్బింది.

పోయిన ఆదివారం ఖమ్మంలో చేపల మార్కెట్‌కు వెళ్ళాను. బొచ్చె చేపలు కోస్తున్న ఆవిడ నెత్తి మీద నారింజ రంగు రబ్బరు టోపీ ఉంది. ఈత పోటీల్లో పెట్టుకునే రకం. పొలుసులు జుట్టులో పడకుండా పెట్టుకుందట.

"ఇది ఎక్కడిదమ్మా?"

"మా చెల్లె తెచ్చింది సారూ భద్రాచలం నుంచి. అప్పుడెప్పుడో గోదారి ఒడ్డున ఈతలు పెట్టిర్రంట గద, అందరు ఆడనే పారేసి పోయిర్రంట. మా చుట్టాలల్ల అందరికి ఉన్నయి."

నాకు ఒళ్ళు మండింది. చేపలావిడ మీద కాదు. అచ్చం అలాంటి టోపీ పెట్టుకుని, నా బతుకులో ఒక పూర్తి పగటిని ఎండలో పెనం మీద వేయించినట్టు వేయించిన మా బావ మీద. ఆయన పోయిన చలికాలంలో చనిపోయాడు. చనిపోయినవాళ్ళ మీద చిరాకు పడకూడదని కొందరు అంటారు. వాళ్ళకు మా బావతో పరిచయం లేదు.

పేరు రాయను. రాస్తే ఇంటి గడప తొక్కనివ్వనని మా అక్క చెప్పింది. ఎందుకో మీకే తెలుస్తుంది.

బావ అంటే మా పెద్దక్క భర్త. కరీంనగర్ వైపు నుంచి బొగ్గు పనికని మా జిల్లాకు వచ్చి, అక్కను చేసుకుని, ఇక్కడే ఉండిపోయాడు. గని లోపల పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టడం ఆయన పని. కప్పు గట్టిగా ఉందో, లోపల డొల్లగా ఉందో కర్రతో తట్టి, చెవి పెట్టి వినాలి. గనిలో అది ప్రాణం కాపాడే అలవాటు. చిక్కేమిటంటే ఆయన దాన్ని పైకి కూడా తెచ్చాడు. ఎవరింటికి వెళ్ళినా చెప్పులు విప్పి, మంచినీళ్ళు తాగకముందే, గొడుగు కొసతో స్లాబు తట్టేవాడు. గనిలో బొగ్గు పగలగొట్టే బాంబు పేలుళ్ళకు ఎడమ చెవి పోయింది కాబట్టి, కుడి చెవి పైకి వచ్చేలా మెడ వంకర పెట్టి, కోడి ఆకాశంలో గద్దను చూసినట్టు చూసేవాడు. నేను కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రవేశం చేస్తే, వచ్చినవాళ్ళందరి ముందు పడకగది కప్పు తట్టి, పెదవి విరిచి, "బామ్మర్ది, గీ జాగల జర బోలుగ ఉన్నది" అన్నాడు. నాకు తెలుసు, ఏమీ లేదని. ఇంజనీరు కూడా ఏమీ లేదన్నాడు. ఇన్నేళ్ళైనా పెచ్చు కూడా ఊడలేదు. కానీ మా మంచం మాత్రం ఆ రోజు నుంచి ఇప్పటిదాకా గది మూలకు ఆనుకునే ఉంది, ఫ్యాను గాలి తగలక చస్తున్నాం.

ఇలాంటి మనిషికి, పదవీ విరమణకు కొద్ది కాలం ముందు, గనిలో బొగ్గు మోసే టబ్బు బండి వచ్చి మోకాలికి కొట్టింది. ఆ మోకాలు వంగితే లేవదు, లేస్తే వంగదు. నడిస్తే లోపల ఎవరో పల్లీలు వలుస్తున్నట్టు చప్పుడు. డాక్టరు ఈత కొట్టమన్నాడు, సైకిల్ తొక్కమన్నాడు. నీళ్ళలో మోకాలికి బరువుండదు, సైకిల్ మీద అది ఊరికే గుండ్రంగా తిరుగుతుంది. ఏ డాక్టరైనా రోజుకు కాసేపు అనే చెబుతాడు. మా బావకు 'కాసేపు' అనే మాట చెవిటి చెవిలో పడ్డట్టుంది.

ఖమ్మంలో మా ఇంటికి వచ్చి, నేను బరువు తగ్గుదామని కొని, బట్టలు ఆరేసుకుంటున్న గేర్ల సైకిల్ చూశాడు. దాని మీద మా ఆవిడ చీర ఉండగానే టైర్లు నొక్కి చూశాడు. "రెండు దినాలు తొక్కి ఇస్త" అన్నాడు. ఆ చీర ఒక్కటే తిరిగి వచ్చింది.

ఈత అయితే చిన్నప్పుడు ఏ చెరువులోనో బర్రెలతో పాటు నేర్చుకున్నాడు, శైలి కూడా వాటిదే. తల నీళ్ళ పైన నిటారుగా ఉంటుంది, ముక్కుపుటాలు ఎగరేస్తాడు, ఒడ్డున ఎవరైనా కనబడితే ఆగకుండా క్షేమసమాచారాలు అడుగుతాడు. కిన్నెరసాని వైపు మొసళ్ళున్నాయంటారు. ఆయన రావడం చూసి అవే దారి ఇచ్చేవని నా నమ్మకం. దీన్ని మీరు పావుకు తగ్గించుకోండి.

ఇంతవరకూ ఎవరికీ నష్టం లేదు, నా సైకిల్‌కు తప్ప. అసలు గొడవ ఎక్కడొచ్చిందంటే, భద్రాచలంలో ఈత, సైకిల్, పరుగు మూడూ ఒకదాని వెనక ఒకటి ఆపకుండా చేసే పోటీ పెడుతున్నారని తెలిసి, ఈయన పేరు ఇచ్చేశాడు. పోటీ చలికాలంలో జరగాల్సింది. అతిథి దొరకలేదని ఒకసారి, దొరికిన అతిథికి తీరిక లేదని ఒకసారి వాయిదా పడి పడి ఏప్రిల్ నెలకు వచ్చి పడింది. పోటీ ఆదివారం. ఆ వెంటనే వచ్చే బుధవారం మా బావ మెడికల్ బోర్డు ముందు నిలబడాలి.

బొగ్గు ఊళ్ళు తెలియనివాళ్ళకు ఈ ముక్క చెప్పాలి. ఫలానా మనిషి ఇక గని లోపలికి దిగలేడని డాక్టర్ల బోర్డు రాస్తే, ఆ ఉద్యోగం ఇంట్లో పిల్లలకు వస్తుంది. అందుకని మా దగ్గర 'అన్‌ఫిట్' తిట్టు కాదు, దీవెన. "మా ఆయన అన్‌ఫిట్ అయిండు" అని ఇల్లాళ్ళు మైసూర్‌పాక్ పంచుతారు. మా మేనకోడలు డిగ్రీ చేసి, కొత్తగూడెంలో ఒక బట్టల దుకాణంలో పొద్దంతా నిలబడి చీరలు విప్పి, మడిచి, విప్పి, మడిచి, రాత్రి కలలో కూడా చేతులు ఆడిస్తోంది. తండ్రి అన్‌ఫిట్ అయితే ఆ పిల్ల ఉద్యోగంలో కూర్చుంటుంది. మోకాలు నిజంగానే పోయింది, చెవి నిజంగానే పోయింది, ఇందులో అబద్ధం ఆవగింజంత లేదు. కానీ బోర్డు ముందుకు వెళ్ళడానికి రెండు రోజుల ముందు, ఆ మనిషి చెడ్డీ వేసుకుని మెడలో పతకంతో పేపర్లో నవ్వుతూ కనబడితే ఆ మోకాలిని ఎవరు నమ్ముతారు?

అక్క నన్ను పిలిపించింది. నేను వెళ్ళేసరికి క్వార్టర్ వరండాలో ఆయన గోడకు కాళ్ళు పెట్టి ఏదో వ్యాయామం చేస్తున్నాడు.

"చూడు తమ్ముడా" అంది అక్క. "బోర్డుకు పోయేటోళ్ళు ఎవరన్న గిట్ల ఉంటరా? పక్క క్వార్టర్ ఆయన నెల ముందు నుంచే మంచం దిగలే. ఎదురింటాయన మూలుగుడు నేర్చుకున్నడు, వింటే మనకే పానం బాగుండకపోయేది. ఈయన నిజంగ కుంటోడాయె, కుంటుమంటె ఉరుకుతుండు."

"బావా, ఒక్క ఆదివారం మానుకుంటే ఏం పోతుంది?" అన్నాను.

"పేరు ఇచ్చిన గద."

"పేరిచ్చినోళ్ళు సగం మంది రారు."

"వాళ్ళు రారు. నేను పోత." ఆయన కాళ్ళు దించలేదు. "ఇగ అయిపోయిందని చెప్పు, బామ్మర్ది. మీ అక్కకు చెప్పు."

ఆయన ఏ వాదనైనా ఇలాగే ముగించేవాడు. తను ఒప్పుకున్నట్టు కాదు, ఎదుటివాళ్ళు ఒప్పుకున్నట్టు.

మేనకోడలు నన్ను గేటు దాకా సాగనంపింది. "మామా, బాపు ఉరికితే నాకేం భయం లేదు" అంది. "పేపర్ల పడితెనే భయం."

"గెలిస్తే కదా పేపర్లో పడేది? మీ బాపు గెలవడులే."

"ఆఖరికి వచ్చినోళ్ళనే ఎక్కువ ఏస్తరు మామా ఈ మధ్య."

ఆ పిల్ల చెప్పింది నిజమని పోటీ రోజు సైకిల్ దారిలో మూడో కిలోమీటరుకే తెలిసింది నాకు. ఏమైతేనేం, ఆయన్ను ఆపడం, ఆపలేకపోతే ఫోటో పడకుండా చూడడం నా పని అని తీర్మానం జరిగింది. నా దగ్గర ఒక స్కూటర్, ఒక గొడుగు ఉన్నాయి. ఆయుధాలు అంతే.

ఆదివారం తెల్లవారకముందే భద్రాచలం ఘాట్‌కు చేరాం. చల్లగా, పొగమంచులా ఉంది. అప్పుడే మొదలుపెట్టి ఉంటే ఈ వ్యాసమే లేదు. కానీ జెండా ఊపాల్సిన అతిథి రాలేదు. ఆయన రాందే మొదలుపెట్టకూడదు. పోటీదారులందరూ నారింజ టోపీలు పెట్టుకుని మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడ్డారు. సూర్యుడు వచ్చాడు. ఇంకాస్త పైకి వచ్చాడు. అతిథి కన్నా సూర్యుడే నయం, సమయానికి వచ్చాడు అన్నాడు పక్కన ఒకాయన. మైకు పట్టుకున్నాయన "మరి కొద్ది నిమిషాల్లో" అని అంటూనే ఉన్నాడు. చివరికి అతిథి వచ్చి, క్రీడల వల్ల ఆరోగ్యం అనే అంశం మీద మాట్లాడి జెండా ఊపేసరికి, ఘాట్ మెట్ల మీద చెప్పుల్లేకుండా నిలబడ్డవాళ్ళు భరతనాట్యం మొదలుపెట్టారు.

బావ లోతుకు దిగబోతూ వెనక్కి వచ్చి, చేతి గడియారం విప్పి నాకిచ్చాడు.

"దగ్గర పెట్టుకో. ఇది నీ దగ్గర ఉన్నదంటె నేను లోపల ఉన్నట్టు."

గనిలో అది పద్ధతి. దిగేవాడు పైన ఒక బిళ్ళ ఇచ్చి దిగుతాడు, షిఫ్టు అయ్యాక బిళ్ళ మిగిలితే మనిషి లోపలే ఉండిపోయినట్టు లెక్క. ఎండాకాలపు గోదావరికి ఈ పద్ధతి పెట్టడం మా బావకే చెల్లింది. నది ఇసుక మధ్యలో సన్నని పాయగా ఉంది. సగం మంది ఈదలేదు, కాళ్ళకు నేల తగులుతుంటే నడిచారు. మా బావ మాత్రం నడవలేదు. బొడ్డు ఇసుకకు రాసుకుంటున్నా సరే, తల నిటారుగా పెట్టి, పడవలో కూర్చున్న పోలీసాయనతో "మీదే ఊరు సారూ?" అని మాట్లాడుకుంటూ, చేతులు కొడుతూనే ఉన్నాడు.

ఒడ్డెక్కాక అందరూ సైకిళ్ళ వైపు పరుగెత్తారు. ఈయన నీళ్ళు కారుతూ కుంటుకుంటూ నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు. "గడియారం."

"తర్వాత ఇస్తాను బావా. వాళ్ళంతా పోతున్నారు."

"పోనీ. నువ్వు ఇయ్యకుంటె నేనింక నీళ్ళల్లనే ఉన్న."

దాన్ని ఏ జేబులో పెట్టానో నాకు గుర్తుకు రాలేదు. అన్ని జేబులూ తిరగేసి, చివరికి స్కూటర్ డిక్కీలో దొరికేసరికి, ముందు వెళ్ళినవాళ్ళు కనుచూపు మేర దాటిపోయారు.

ఇక సైకిల్. పర్ణశాల వైపు రోడ్డు మీద వెళ్ళి తిరిగి రావాలి. తారు అప్పటికే బెల్లం పాకంలా సాగుతోంది. నా స్కూటర్ స్టాండు వేస్తే దిగబడిపోయింది, పీకడానికి ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చింది. సరే, ఒక్కడు. మిగతా పోటీదారుల సీసాల్లో నిమ్మరంగు పొడుల నీళ్ళున్నాయి. మా బావ సీసాలో పచ్చిపులుసు. ఎండకు దానికి మించింది లేదని ఆయన సిద్ధాంతం. సిద్ధాంతం బాగానే ఉంది, కానీ మా అక్క అలవాటుగా అందులో ఉల్లిపాయ ముక్కలు వేసింది. ఒక ముక్క వెళ్ళి సీసా ముక్కులో ఇరుక్కుంది. ఆ మనిషి ఊరు దాటిన దగ్గర నుంచి ఆ సీసాను చీకుతున్నాడు, బుగ్గలు లోపలికి పోతున్నాయి తప్ప చుక్క రావడం లేదు. మూత విప్పి తాగమని అరిచాను. నేను ఆయన ఎడమ పక్కన ఉన్నాను. ఎడమ చెవికి అరిచి లాభం లేదు కదా. కుడి పక్కకు వెళ్దామంటే ఎదురుగా లారీ.

అప్పుడు తగిలాడు విలేఖరి. నా వయసే ఉంటుంది, నా పొట్టే ఉంటుంది, మెడలో కెమెరా. మోటారు సైకిల్ మీద నా పక్కకు వచ్చాడు.

"అన్నా, ఈయన మీ మనిషేనా? గని కార్మికుడంట గద. ఈ వయసుల. హెడ్డింగ్ కూడ రెడీగ ఉన్నది, నల్ల బంగారం నుంచి ఉక్కు మనిషి."

"కాదు" అన్నాను.

"కార్మికుడు కాదా?"

"మనిషే కాదు. అంటే, మా మనిషి కాదు."

"మరి పొద్దటి నుంచి ఎంబడే తిరుగుతుర్రు?"

"సైకిల్ నాది" అన్నాను. అది అబద్ధం కాదు.

ఆయన కెమెరా ఎత్తినప్పుడల్లా నేను గొడుగు విప్పాను. ఒక చేత్తో స్కూటర్, ఒక చేత్తో గొడుగు, ఎదురుగాలి. ఆ గాలికి గొడుగుతో సహా నేను ఒకసారి చింతూరు దాకా ఎగిరిపోయి మళ్ళీ వచ్చాను. ఇది కూడా పావే.

వెనక్కి తిరిగే చోటుకు కాస్త ముందు బావ సైకిల్ పక్కకు వాలింది. దిగి, రోడ్డు పక్క ఇప్పచెట్టు కిందికి నడిచి, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కక్కాడు. తర్వాత వెల్లకిలా పడుకున్నాడు. ముఖం ఎర్రగా కాదు, బూడిద రంగులో ఉంది. విలేఖరి ఎక్కడో నీడకు ఆగిపోయినట్టున్నాడు, కనబడలేదు. చెట్టు కింద పువ్వు ఏరుకుంటున్న ఊరి ఆడవాళ్ళు కొందరు లేచి వచ్చారు. వాళ్ళలో వాళ్ళు కోయ భాషలో ఏదో అనుకున్నారు. పెద్దావిడ సొరకాయ బుర్రలోంచి ఆయన నెత్తి మీద, మెడ మీద నీళ్ళు పోసింది, మెల్లగా తాగించింది. తర్వాత నన్ను అడిగింది.

"ఎవరు తరుముతుర్రు?"

"ఎవరూ తరమట్లేదమ్మా."

"మరెందుకు ఉరుకుతుండు?"

పడుకున్న మనిషే చెప్పాడు. "నా బిడ్డకు నౌకరి రావాలె అవ్వా. నేను ఉరకొద్దంటుర్రు."

ఆవిడ సొరకాయ బుర్రకు మూత బిగించింది. "ఉరకకుంటె నౌకరిస్తరా?"

"అవ్."

"మరి కూసోరాదు" అంది.

నేను ఆవిడకు దండం పెట్టాను. పొద్దుటి నుంచి ఇంత తెలివైన మాట ఎవరూ మాట్లాడలేదు. "విన్నావా బావా? చాలు ఇక. స్కూటర్ ఎక్కు, ఇంటికి పోదాం. ఇంత దూరం వచ్చావు, ఎవరికి చూపించాలి?"

ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు. "బుధవారం నాడు వాళ్ళు నేను పనికిరానోడినని రాస్తరు. రాయనీ. నా బిడ్డ కోసం నేనే కాళ్ళు మొక్కి రాయించుకుంట. కని వాళ్ళు రాసే ముందు నాకొకటి తెల్వాలె, బామ్మర్ది."

"ఏంది?"

"అది నిజమా కాదా అని."

నాకు చిరాకు తారాస్థాయికి చేరింది. వాదించడానికి పట్టు దొరికితే కోపం వస్తుంది, దొరక్కపోతే చిరాకు వస్తుంది. నేను సీసా మూత విప్పి, వేలితో ఉల్లిపాయ ముక్క పీకి పారేసి, పచ్చిపులుసు ఆయన చేతికి ఇచ్చాను. తాగాడు. లేచి, పెద్దావిడకు "పోయొస్త అవ్వా" అని చెప్పి సైకిల్ ఎక్కాడు. మలుపు చుట్టి భద్రాచలం వైపు తిరిగాడు.

పరుగు కరకట్ట మీద. వరదకు కట్టిన మట్టి కట్ట అది, దాని మీద చెట్టు లేదు, చెట్టు నీడ లేదు, కాకి నీడ కూడా లేదు. మిట్టమధ్యాహ్నం. వాలంటీర్లు నీళ్ళ బల్ల కిందికి దూరి కూర్చున్నారు, బల్ల పైన నీళ్ళు ఉడుకుతున్నాయి. బావ సైకిల్ దిగి పరుగు మొదలుపెట్టిన కాసేపటికే మోకాలు బిగుసుకుపోయింది. నిలబడ్డాడు. ముందుకు వేస్తే అది ఒప్పుకోవడం లేదు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. చివరికి ఒక ఉపాయం కనిపెట్టాడు. వెనక్కి తిరిగి, వెనక నడక మొదలుపెట్టాడు. మోకాలు ఆ దిక్కుకు ఒప్పుకుంది. అలా వీపు ముందు పెట్టుకుని, వచ్చిన దారినే చూసుకుంటూ, ఒక్కొక్క అడుగే వెనక్కి వేసుకుంటూ కరకట్ట పొడవునా సాగాడు.

బల్ల కిందినుంచి ఒక వాలంటీరు తల బయట పెట్టాడు. "సార్, పోటీ ఇటు."

"నేను ఇటే పోతున్న" అన్నాడు బావ, అటు చూస్తూ.

"మరి అటు చూస్తుర్రు?"

"అటు అయిపోయింది గద, చూసుకుంట పోతున్న."

అంబులెన్స్ ఒకటి ఆయన పక్కన మెల్లగా నడిచింది. ఎక్కమని అడిగారు. ఎక్కలేదు. అందులో ఏసీ ఉందని చెప్పారు. ఏసీ మాట వినగానే నేను ఎక్కాను. ఎవరో ఒకరు ఎక్కితే వాళ్ళకూ తృప్తి కదా. కట్ట చివర దిగిపోయాను.

కట్ట కింద మైదానంలో గమ్యం. గాలి నింపిన పెద్ద రబ్బరు తోరణం, దాని కింద నేల మీద సున్నంతో గీత, గీత మీద చాప. పోటీదారుల కాలికి కట్టిన పట్టీ ఆ చాప మీదికి రాగానే బీప్ అంటుంది, పేరు నమోదవుతుంది. రెండు పక్కలా తాళ్ళు కట్టారు. తోరణానికి ఎదురుగా, కుర్చీలో, కెమెరా సిద్ధంగా పెట్టుకుని మన విలేఖరి. తాడుకు ఇవతల చెరుకురసం బండి. నేను బండి దగ్గర నిలబడి, నాకొకటి, బావకొకటి రెండు గ్లాసులు పట్టించాను.

ఆయన కట్ట దిగే చోట ఆగి, మొదటిసారి ముందుకు తిరిగాడు. తోరణం చూశాడు. కుర్చీ చూశాడు. కెమెరా చూశాడు. చాలాసేపు నిలబడ్డాడు. నేను ఎన్నో ఏళ్ళుగా ఆ మనిషిని ఎక్కడో ఒకచోట ఆపాలని చూస్తున్నాను, అంతసేపు తనంతట తాను నిలబడడం అదే మొదటిసారి చూడడం. తర్వాత ఛాతీ మీది నంబరు గుడ్డ పిన్నులు ఒక్కొక్కటే తీసి, గుడ్డ మడతపెట్టి నడుములో దోపుకున్నాడు. తువ్వాల తలకు చుట్టుకున్నాడు. అంతే, పోటీదారు పోయి, సంతకు వచ్చిన పెద్దమనిషి మిగిలాడు. తాడు కింద నుంచి వంగి ఇవతలికి వచ్చి, చెరుకురసం బండి వెనక నుంచి, కుంటుకుంటూ, ముందుకే నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"బామ్మర్ది, గీత ఎక్కడున్నది?"

సున్నపు గీత తాడు దగ్గరే ఆగిపోయింది. అది ఇవతలికి కూడా వచ్చి ఉంటే ఎక్కడికి వచ్చేదో, చేతులు ఖాళీ లేక, గడ్డంతో చూపించాను. బండి చక్రానికి కాస్త ముందు, చెరుకు పిప్పి కుప్ప పక్కన. ఆయన అక్కడ ఆగి, మంచి కాలు అవతల పెట్టాడు. తర్వాత మోకాలు పోయిన కాలును రెండు చేతులతో పట్టుకుని ఎత్తి, దాన్ని కూడా అవతల పెట్టాడు.

"అయిందా?"

"అయింది బావా."

అప్పుడు మొదలయ్యాయి చప్పట్లు. ముందు చెరుకురసం బండాయన, తర్వాత అన్నం ప్యాకెట్ల వరుసలో ఉన్నవాళ్ళు, అంబులెన్స్ వాళ్ళు, ముందే పూర్తి చేసి నీడన కూర్చున్న కుర్రాళ్ళు, ఒక్కొక్కరే లేచి నిలబడి కొట్టారు. మైదానం దద్దరిల్లింది. గోదావరి అవతలి ఒడ్డు నుంచి కూడా వినబడ్డాయని చెబుతారు.

మర్నాడు పేపర్లో ఫోటో పడింది. గాలికి తిరగబడ్డ గొడుగు కింద నేను, నాలుక బయట పెట్టి, ఒక కాలు నేల మీద, ఒకటి స్కూటర్ మీద. 'ఎండ ధాటికి విలవిల్లాడిన క్రీడాకారుడు' అని రాశారు. మా ఆవిడ దాన్ని పటం కట్టించింది. ఫలితాల్లో మా బావ పేరు 'పూర్తి చేయనివారు' అనే వరుసలో ఉంది. బుధవారం బోర్డు మోకాలు చూసింది, చెవి చూసింది, అన్‌ఫిట్ అని రాసింది. అక్క మైసూర్‌పాక్ పంచింది. మేనకోడలు ఇప్పుడు అదే గని ఆఫీసులో కుర్చీలో కూర్చుని పనిచేస్తోంది, అందుకే ఈ వ్యాసంలో పేర్లు లేవు. మా బావ ఆ తర్వాత ఏ పోటీకీ వెళ్ళలేదు. ఎవరైనా భద్రాచలం సంగతి ఎత్తితే "సగంల ఆగిపోయిన" అని చెప్పేవాడు. అలా చెబుతున్నప్పుడు నా వైపు చూసేవాడు కాదు. నేను నోరు తెరుస్తానేమోనని మా అక్క మాత్రం నా వైపు చూసేది.

ఒప్పుకుంటానన్న మాట ఇక ఒప్పుకోవాలి. మొసళ్ళు దారి ఇవ్వడం, నేను చింతూరు దాకా ఎగరడం లాంటివి మీరెలాగూ తగ్గించుకునే ఉంటారు. వాటి కింద పావో, పరకో నిజముంది. వెనక నడక మొత్తం నిజం, అడుగు కూడా కలపలేదు. నేను పుట్టించింది చప్పట్లు.

ఎవరూ కొట్టలేదు. అసలు ఎవరూ చూడలేదు. అన్నం ప్యాకెట్లు అయిపోతున్నాయని వరుసలో తోపులాట జరుగుతోంది. బండాయన మిషన్లో ఇరుక్కున్న చెరుకుగడ లాగుతున్నాడు. విలేఖరి తోరణం వైపు కెమెరా పెట్టుకుని ఇంకా ఎదురుచూస్తున్నాడు. బావ గీత దాటడం నేనొక్కణ్ణే చూశాను. నా రెండు చేతుల్లో రెండు గ్లాసులున్నాయి. కింద పెడితే చీమలు పడతాయని వాటిని అలాగే పట్టుకుని నిలబడ్డాను.